లెక్కకు రాని పరుగు

డిసెంబరు ఆఖరి వారం వచ్చిందంటే బెజవాడ మైదానాల్లో ఒక కొత్త రకం పద్దులు తెరుచుకుంటాయి. తెల్లవారుజామున పరుగు ముగించుకుని, చెమట తుడుచుకుంటూ మెట్ల మీద కూలబడినవారు ఫోన్లు తీసి ఏడాది మొత్తాన్నీ వేలితో పైకీ కిందకీ జరుపుతుంటారు. జనవరిలో చాలామంది రాసుకునేవి ఇంచుమించు ఒకేలా ఉంటాయి. వెయ్యి కిలోమీటర్లు, ఒక హాఫ్ మారథాన్, గంటలోపు పది కిలోమీటర్లు. మొదటి రెండూ ఎలాగోలా గట్టెక్కుతాయి. మూడోదే మొండిది. గంటా రెండు నిమిషాల దగ్గరకు వచ్చి మొరాయిస్తుంది.

అప్పుడు మొదలవుతుంది ఆ ప్రశ్న. ఇంకాస్త వేగం పెరగాలంటే ఏం చేయాలి?

నలభై దాటాక ఇలా అడగడం చూడముచ్చటగా ఉంటుంది. ఆఫీసులో ఫైళ్ల మీద సంతకాలు పెట్టేవారు, క్లాసులో పాఠాలు చెప్పేవారు, కొట్లో నలుగురికి పని పురమాయించేవారు మైదానంలోకి రాగానే ఎవరో ఒకరికి శిష్యులైపోతారు. ఆ గురువుకు చాలాసార్లు మీసం కూడా సరిగా వచ్చి ఉండదు.

మన చిన్నతనంలో పెద్దవాళ్లు పరుగెత్తడం చూశామా? పిల్లలు పరుగెత్తేవారు. పెద్దలు కదిలిపోతున్న బస్సు వెంట నాలుగడుగులు వేస్తే అదే గొప్ప. పంచె ఎగ్గట్టిన మనిషి కాలువ గట్టున పరుగు తీశాడంటే, ఎవరికేం ముంచుకొచ్చిందోనని సగం ఊరు వెంటపడేది. పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలనుకున్న ఊళ్లు మనవి.

ఇప్పుడు ఒకే మైదానంలో రెండు రకాల పరుగులు పక్కపక్కనే సాగుతుంటాయి. ఒకటి ఒంటి కోసం, రెండోది ఉద్యోగం కోసం. కానిస్టేబుల్ పరీక్షకు సిద్ధమయ్యే కుర్రాళ్లకు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పూర్తికావాలి. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, రౌండుకు రెండు నిమిషాలు. అంటే కిలోమీటరుకు ఐదు నిమిషాలు. గంటలో పది కిలోమీటర్లు కోరుకునేవారికి కిలోమీటరుకు ఆరు నిమిషాలు చాలు. చాలు అని రాయడం సులువే గానీ, ఏడో కిలోమీటరులో ఆ మాట వింటే కోపం వస్తుంది.

ఆ కుర్రాళ్లనే అడుగుతారు మన పెద్దలు. "మొదటి రౌండు లాగేయకండి అంకుల్, మూడో రౌండుకు కాళ్లు రావు." ఇంతే జవాబు. మొదటి రౌండు నిమిషం నలభై సెకన్లలో కొట్టినవాడు మురిసిపోతాడు. ఆ ఇరవై సెకన్లనూ మూడో రౌండు వడ్డీతో సహా వసూలు చేసుకుంటుంది. వారంలో ఒకటి రెండు రోజులే గట్టిగా పరుగెత్తమని, మిగతా రోజులు పక్కవాడితో కబుర్లాడగలిగేంత నెమ్మదిగా వెళ్లమని కూడా చెబుతారు. వేగం అడిగితే నెమ్మది ఇస్తారేమిటని అడిగినవారు కాస్త నిరాశపడతారు.

ఈ నెమ్మదికి పెద్ద చరిత్రే ఉంది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అని ఒకాయన ఉండేవారు. చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేశారు, ఇంటింటికీ పాలూ పోశారు. పరుగెత్తి పాలు పోసినవారన్నమాట, మన సామెతలో ఆయనకు చోటు లేదు. 800 మీటర్ల పరుగుకు తయారయ్యేవారితో కూడా వారానికి 160 కిలోమీటర్ల దాకా పరుగెత్తించేవారు. చూసినవారు నవ్వారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులు పీటర్ స్నెల్ 800 మీటర్లలో, మర్రే హాల్బర్గ్ 5000 మీటర్లలో ఒకే రోజున స్వర్ణాలు గెలిచారు.

మన దగ్గర మాత్రం నెమ్మది నేర్పడానికి గురువు అక్కర్లేదు, మే నెల ఉంది. డెల్టా నేల అరచేయిలా చదును. ఎక్కడానికి ఎత్తులు తక్కువే. కానీ తెల్లారి ఐదింటికే ఉక్క. చెమట ఆరదు. ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, కాళ్లకు దక్కే వాటా తగ్గుతుంది, గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. డిసెంబరు మంచులో ప్రకాశం బ్యారేజి మీద హాయిగా సాగిన మనిషే వేసవిలో ఈసురోమంటాడు. వాచీకి ఇవేమీ తెలియవు. నిమిషాలు చూపించి ఊరుకుంటుంది.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వాగు బెజవాడలోని సింగ్‌నగర్‌ను ముంచింది. బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి పోయింది. ఆ నెల పద్దు చాలామందికి ఖాళీ. పాల ప్యాకెట్లు, మంచినీళ్ల సీసాలు నెత్తిన పెట్టుకుని నడుములోతు నీళ్లలో నడిచిన దూరం ఏ యాప్‌లోకీ ఎక్కలేదు.

అంతకన్నా పొడుగైన ఖాళీ ఆ కానిస్టేబుల్ కుర్రాళ్లది. వాళ్ల ఉద్యోగాల నోటిఫికేషన్ 2022 నవంబరులో వచ్చింది. ప్రాథమిక పరీక్ష 2023 జనవరిలో అయింది. పరుగు పరీక్షలు మొదలైంది 2024 డిసెంబరు ఆఖరున. మధ్యలో దాదాపు రెండేళ్లు ఆ ఎనిమిది నిమిషాలను కాళ్లలో నిలుపుకోవాలి. ఇంట్లో పొలం పనులు, ఎవరికో ఒకరికి జ్వరాలు, అక్క పెళ్లి. వాటి మధ్యే తెల్లవారుజామున నాలుగు రౌండ్లు. వేగం పెంచుకోవడం కష్టమంటాం గానీ, పెరిగినదాన్ని పోగొట్టుకోకుండా కూర్చోవడం మరీ కష్టం కాదూ?

గంటకు రెండు నిమిషాల అవతల ఆగిపోయి దిగులుపడేవారికి జ్యోతి యర్రాజి సంగతి చెప్పాలనిపిస్తుంది. విశాఖ అమ్మాయి. 2020లో మన గుంటూరు దారిలోని నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున మూడబిద్రిలో 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరుగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు 2002 నాటి అనురాధా బిశ్వాల్‌ది, 13.38. అయినా జ్యోతి పరుగు రికార్డు కాలేదు. అక్కడ డోప్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య ప్రతినిధీ లేరు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో మళ్లీ 13.09. ఈసారి వెనక నుంచి గాలి సెకనుకు 2.1 మీటర్లు వీచింది. నిబంధన 2.0 దగ్గర ఆగుతుంది. అదీ పోయింది.

మరుసటి నెల సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 పరుగెత్తింది. అది రికార్డయింది. పుస్తకంలోకి ఎక్కిన పరుగు, ఎక్కని రెండింటికన్నా నెమ్మది! ఆమె మాత్రం మళ్లీ హర్డిల్స్ పేర్చుకుని సాధనలో పడింది. 2023 ఆగస్టులో చైనాలోని చెంగ్డూలో 12.78కి వచ్చింది. ఆ రోజు గాలి కూడా హద్దులోనే ఉంది.