తప్పు టాస్‌ది కాదు
2024 ఐపీఎల్ ఫైనల్ మాటొస్తే మోర్తాడ్ చాయ్ హోటళ్లలో ఇప్పటికీ తిట్లు సన్‌రైజర్స్ కెప్టెన్ కమిన్స్‌కే: టాస్ గెలిచి బ్యాటింగ్ ఎందుకు తీసుకున్నాడని. మే 26న చెపాక్‌లో సన్‌రైజర్స్ 113కే ఆలౌటైన మాట నిజమే. కానీ రెండు రోజుల ముందు అదే మైదానంలో మొదట బ్యాటింగ్ చేసి రాజస్థాన్‌ను 36 పరుగులతో ఓడించాం. కాబట్టి ఆ నిర్ణయం తప్పు కాదు. అసలు తప్పు పాఠం నేర్వకపోవడం. అంతకుముందు అహ్మదాబాద్ క్వాలిఫయర్‌లో కోల్‌కతా పేసర్ స్టార్క్ మన ఓపెనర్ హెడ్‌ను సున్నాకే బౌల్డ్ చేశాడు; ఫైనల్లో తొలి ఓవర్లోనే మరో ఓపెనర్ అభిషేక్ వికెట్ పడగొట్టాడు. బెంగళూరులో 287 కొట్టిన దూకుడును కొత్త బంతి ముందు నాలుగు ఓవర్లయినా అదుపులో పెట్టుకోవాల్సింది. కెప్టెన్‌నూ కోచ్ వెటోరీనీ మనం గట్టిగా అడగాల్సింది టాస్ గురించి కాదు, దూకుడు పనిచేయనప్పుడు రెండో ఎత్తుగడ ఏదని.