సిగ్గు పేరు మోస్తున్న నాడి

కాన్పులో ఫోర్సెప్స్ వాడాల్సి వస్తే డాక్టరు కొన్నిసార్లు వేలితో లోపలి ఎముక మొనను తడిమి పట్టుకుని, దాని పక్కనే మత్తు సూది ఇస్తారు. కాసేపటికి ఆ భాగమంతా మొద్దుబారుతుంది. అక్కడ మత్తెక్కేది పుడెండల్ నర్వ్. మూత్రం, మలం ఆపుకోవడానికి బిగించే కండరాలు, జననాంగాల స్పర్శ చాలావరకు దీని అజమాయిషీలోనే ఉంటాయి. ఆడవాళ్లకూ ఉంటుంది, మగవాళ్లకూ ఉంటుంది. గంటల తరబడి సైకిలు తొక్కేవారికి కింద తిమ్మిరెక్కేది కూడా తరచూ సీటు ఒత్తిడి దీని మీద పడటం వల్లే.

ఇంత చాకిరీ చేసే నాడి పేరుకు మూలం లాటిన్ మాట ‘పుడెండమ్’. అంటే సిగ్గుపడవలసినది.

పాపం చేశాక ఆదాము అవ్వలకు పుట్టిన సిగ్గు వల్లే ఈ అవయవాలకు ఆ పేరు తగిందని 5వ శతాబ్దంలో అగస్టీన్ వాదించాడు. మతగురువు కాబట్టి అన్నాడనుకోవచ్చు. వైద్యులు కూడా ఆ మాటనే నెత్తిన పెట్టుకోవడం విడ్డూరం. పైగా ఒకప్పుడు ఆడామగా ఇద్దరికీ వాడిన ఈ మాట పోనుపోను స్త్రీకే మిగిలింది. 1998 నాటి అంతర్జాతీయ పదావళి ‘టెర్మినోలోజియా అనటోమికా’లో స్త్రీ బాహ్య జననాంగం పేరు ‘పుడెండమ్ ఫెమినినమ్’. పురుషాంగం దగ్గరికి వచ్చేసరికి ఈ సిగ్గు ప్రస్తావనే లేదు!

2019లో వచ్చిన రెండో కూర్పు ఆ మాటను తీసేసి ‘వల్వా’ను ఉంచింది. నాడికి మాత్రం పాత పేరే ఉండిపోయింది. అదీ మారాలి. అలవాటైన పేరు మారిస్తే గందరగోళమనే వాదనలో పస లేదు. గుండె పైన ‘పేరులేని ధమని’గా చలామణి అయిన రక్తనాళాన్ని ఇప్పుడు బ్రాకియోసెఫాలిక్ అంటున్నారు, కొంపలేమీ మునగలేదు. చిక్కల్లా కొత్త పేరు వెతకడంలోనే. చప్పున తోచే ‘పెరీనియల్’ అనే పేరును ఈ నాడి శాఖే ముందుగా ఆక్రమించేసింది.

లాటిన్‌ను తప్పుపట్టే ముందు మన పత్రికల భాషనూ చూసుకోవాలి. ‘మర్మాంగాలు’ అని రాసి చేతులు దులుపుకుంటాం. యోని అనే మాటకు మూలం, పుట్టుకచోటు అనే అర్థాలున్నాయి. అందులో సిగ్గు ఊసే లేదు. అయినా పలకడానికి జంకుతాం. ‘అక్కడ మంటగా ఉంది’ అని ఓపీలో గొణిగే మహిళకు వచ్చింది మూత్రనాళం ఇన్ఫెక్షనా, తెల్లబట్ట వల్ల మంటా అన్నది తేల్చడానికి డాక్టరు నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడగాలి.

2012 నాటి పోక్సో చట్టం మూడో సెక్షన్ ఈ అవయవాలను దాపరికం లేకుండా పేరుపేరునా చెబుతుంది. ఆ చట్టం కాపాడాల్సిన పిల్లలకు ఆ పేర్లను ఇంట్లోనో బడిలోనో ముందే నేర్పాలి. జరిగింది చెప్పాల్సిన రోజున ‘అక్కడ’ అన్న ఒక్క మాటతో వాళ్లు నెట్టుకురాలేరు.