ఎఫర్ట్ పెట్టినోడు, పాటుపడినోడు

"మామా, నువ్వు ఎఫర్ట్స్ పెట్టలేదురా!" ప్లేస్‌మెంట్ సీజన్‌లో హాస్టళ్లలో తరచూ వినపడే తీర్పు ఇది. చెప్పేవాడి దృష్టిలో అది సలహా. రెండు రౌండ్లు దాటి మూడోదాంట్లో పోయినోడికి మాత్రం పుండు మీద కారం. అందుకే ఈ మాటను కొంచెం విప్పి చూద్దామనిపించింది.

దీని మూలం 'పుట్ ఇన్' అనే ఇంగ్లిష్ ఫ్రేజల్ వెర్బ్. ఒక పని కోసం సమయమో శ్రమో వెచ్చించడం అని అర్థం. 'షి పుట్ ఇన్ ఎ లాట్ ఆఫ్ ఎఫర్ట్' అంటే ఆమె చాలా శ్రమపడిందని. భూతకాలంలోనూ అది 'పుట్'గానే ఉంటుంది. దేనిమీద అన్నది కూడా చెప్పాలంటే 'పుట్ ఎఫర్ట్ ఇన్‌టు ద ప్రాజెక్ట్' అంటారు. మనవాళ్లేమో ఇంటర్వ్యూల్లో 'ఐ కెప్ట్ లాట్ ఆఫ్ ఎఫర్ట్స్' అనేస్తుంటారు. మన 'పెట్టు'ను 'కీప్' చేసేయడం వల్ల వచ్చిన తంటా అది. ఇంగ్లిషులో అలా అనరు. సరే, ఇది పది నిమిషాల్లో దిద్దుకోగల తప్పు.

నా అభ్యంతరం దాని వెనకున్న ఆలోచన మీద. 'పుట్ ఇన్' అనగానే మన బుర్రలో ఇన్‌పుట్, అవుట్‌పుట్ మెదులుతాయి. "ఎఫర్ట్ పెడితే రిజల్ట్ వస్తుంది" అని ఒప్పుకున్నామంటే, డిస్క్రీట్ మ్యాథ్స్ చదివినోళ్లకి తర్వాతి లైను తెలుసు. రిజల్ట్ రాలేదంటే ఎఫర్ట్ పెట్టనట్టే! లాజిక్ కరెక్టే. మొదటి వాక్యమే తప్పు.

శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లున్నాయి. ఓపిగ్గా ఎక్కేవాడు కొండ చేరతాడు. అక్కడ ప్రతి అడుగుకీ లెక్క ఉంది. ఇప్పుడు ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని ఏ మెట్ట పల్లెకైనా పోండి. వానను నమ్ముకుని చెనక్కాయ వేసిన రైతు దున్నుతాడు, విత్తుతాడు, కలుపు తీయిస్తాడు. సరిగ్గా ఊడలు దిగే టైముకి వాన మొహం చాటేస్తే కాయ ఊరదు. ఆయన్ని "నువ్వు ఎఫర్ట్ పెట్టలేదు" అనే ధైర్యం మనలో ఎవరికుంది?

'కృషి' అన్న మాటకు అసలు అర్థం దున్నడం, సేద్యం. అంటే ప్రయత్నానికి మనం వాడే గొప్ప మాట పొలంలోంచే వచ్చింది. 'పాటు' అనేది 'పడు' నుంచి పుట్టింది. కష్టపడ్డాం, పాటుపడ్డాం, తిప్పలు పడ్డాం అంటాం. 'పెట్టడం' మన చేతిలో ఉన్న పని. 'పడటం'లో మన మీద వచ్చి పడినవి కూడా ఉంటాయి. తెలుగు మీడియంలోంచి వచ్చి మొదటి ఏడాదంతా క్లాసు అర్థంకాక నలిగినోడి పాట్లు, సెలవుల్లో కూలికి పోయి ఫీజు కట్టుకున్నోడి పాట్లు ఏ మార్కుల మెమోలోనూ కనపడవు.

అలాగని 'పుట్ ఇన్' వద్దనను. రాత్రంతా రీల్స్ చూసి, పొద్దున "నా టైం బాలేదు" అనేవాడికి ఆ మాటే మందు. కాకపోతే ఆ మందు ఎవరికి వాళ్లు వేసుకోవాలి. "నేనెంత పెట్టాను?" అనేది నన్ను నేను అడుక్కోవాల్సిన ప్రశ్న. లిస్టులో పేరు రాని ఫ్రెండుని అడగాల్సింది వేరే ఉంది. "ఏం పాట్లు పడ్డావురా, చెప్పు." అని, చెప్పిందాకా వినాలి.