ఈ రాళ్ల సంగతి ఎవరు చెప్తారు?



మన యౌవనస్థులను విశాఖపట్నం మ్యూజియంలకు తీసుకెళ్లడంపై కొందరు పెద్దలు, "ఆ ఖర్చుతో ఒక కూడిక పెట్టుకోవచ్చు కదా అయ్యగారూ" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. చేపలమ్మి ఇచ్చిన కానుకకు లెక్క చెప్పాల్సిందే. నా జవాబు ఇది.

ఆర్కే బీచ్ రోడ్డులో ఇసుక వైపు కురుసుర జలాంతర్గామి, ఎదురుగా టీయూ-142 విమానం ఉన్నాయి. ఈ రకం విమానాలు 1988 నుంచి 2017 వరకు, 29 ఏళ్లు నౌకాదళంలో పనిచేశాయి. 30 వేల గంటలు ఎగిరినా ఒక్క ప్రమాదం జరగలేదు. మనకు దక్షిణాన ఉన్న అరక్కోణం స్థావరం నుంచే సముద్రం మీద కాపలా కాసేవి. కురుసుర 1969లో సేవలో చేరి 2001లో విరమించింది. దాని లోపల వివరించి చెప్పేది రిటైరైన నేవీ వాళ్లే. వాళ్లు నోరు విప్పేదాకా మన పిల్లలకు అది ఇనుప గొట్టమే. విన్నాక ప్రశ్న మీద ప్రశ్న వేశారు.

యెహోషువ 4వ అధ్యాయం చూడండి. యొర్దాను దాటాక దేవుడు పన్నెండు రాళ్లు తీయించాడు. ఎందుకు? రేపు పిల్లలు అడిగితే తండ్రులు చెప్పాలని. రాయి ఒక్కటే చాలదు. అడిగే బిడ్డ కావాలి, చెప్పే పెద్ద కావాలి.

మన సంఘంలో అలాంటి రాళ్లు లేవా? 1989లో కావలి దగ్గర తీరం దాటిన తుపానును, 2004 సునామీని చూసి, వల పోయినా విశ్వాసం పోగొట్టుకోని తాతలు, అవ్వలు ఉన్నారు. ఆరాధన అయ్యాక వాళ్లకు వందనం చెప్పి వెళ్లిపోతాం. పక్కన కూర్చుని అడిగేవారేరీ? సేవ ముగిసిన విమానానికి టికెట్టు కొని మరీ గౌరవమిస్తాం. ప్రార్థనతో మనల్ని మోసిన వాళ్లను అరుగు మీద ఒంటరిగా వదిలేస్తాం. ఇది తగదు.

కాబట్టి యౌవనస్థులారా, వచ్చే ఆదివారం నుంచి ఒక్కొక్కరు ఒక పెద్దవారి దగ్గర గంటసేపు కూర్చోండి. వాళ్ల సాక్ష్యం నోటు పుస్తకంలో రాయండి. పెద్దలారా, మీరూ దాచుకోకుండా చెప్పండి. మీరు ప్రభువు నొద్దకు వెళ్లాక ఆ సంగతి ఇంకెవరూ చెప్పలేరు.

ఆ ప్రయాణపు ఖర్చుకు లెక్క అప్పుడే సరిపోతుంది. ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.