బస్తర్ అడవిలో నిప్పు ఎవరి చేతిలో ఉండాలి?

ఛత్తీస్‌గఢ్ అటవీశాఖ లెక్క ప్రకారం అగ్గి కాలం ఏటా ఫిబ్రవరి 15న మొదలై జూన్ 15న ముగుస్తుంది. ఇప్పపువ్వు రాలే మార్చి, ఏప్రిల్ నెలలూ, తునికాకు కోసే మే నెలా ఈ గడువులోనే వస్తాయి. కాంకేర్ నుంచి సుక్మా దాకా ఏడు జిల్లాల బస్తర్‌లో అడవి ఎందుకు తగలబడుతుందో అర్థం కావాలంటే ఈ రెండు పనులను చూడాలి. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. చెట్టు కింద మోకాలి లోతు ఎండుటాకు ఉంటే పువ్వు అందులో కూరుకుపోతుంది, ఏరడం సాగదు. ఆకును ఊడ్చి పక్కకు తీయాలంటే చెట్టుకు ఒక పూట పడుతుంది. ఒక్క అగ్గిపుల్ల గీస్తే గంటలో నేల నల్లగా, శుభ్రంగా తేలుతుంది, మర్నాడు ఆ మసి మీద పువ్వు ఎక్కడున్నా కనిపిస్తుంది. తునికి సంగతి వేరు. కాలిన మొక్క మొదలు నుంచి కొత్త చిగుళ్లు వేస్తుంది, ఆ ఆకు లేతగా, వెడల్పుగా వస్తుంది, బీడీకి అదే కావాలి. శబరి నది ఒడ్డున మన చింతూరు, కూనవరం ఏజెన్సీలోనూ, తెలుగు వినిపించే కోంట, భోపాలపట్నం వైపూ ఇవే చెట్లు, ఇదే పని, ఇదే నిప్పు. కాబట్టి ఇది పొరుగు రాష్ట్రపు గొడవ అనుకుని పక్కన పెట్టగలిగింది కాదు.

మన దేశంలో అడవి మంటల్లో అత్యధికం మనుషుల వల్లే రాజుకుంటాయని అటవీశాఖలూ, పరిశోధకులూ ఒకే మాటగా చెబుతారు. ఈ మాట నుంచి ప్రభుత్వాలు తీసే నిర్ణయం దగ్గరే తేడా వస్తుంది. నిప్పు పెట్టేది మనిషి కాబట్టి మనిషిని కట్టడి చేస్తే చాలన్నది పాత వాదం. 1927 నాటి భారతీయ అటవీ చట్టంలోని 26వ సెక్షన్ రిజర్వు అడవిలో నిప్పు పెట్టడాన్ని నేరంగా చూస్తుంది. అభయారణ్యాల్లో వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 30వ సెక్షన్ అదే చెబుతుంది. పాత చట్టంలోనే 79వ సెక్షన్ మరో విచిత్రం: అడవి మీద హక్కు అనుభవించేవాళ్లు మంటలు ఆర్పడానికి అధికారులకు సాయం చేసి తీరాలి. ఆర్పే బాధ్యత ఊరిది, ఎప్పుడు ఎక్కడ ఏది కాల్చాలో నిర్ణయించే అధికారం మాత్రం ఊరిది కాదు. బస్తర్ మంటలు ఏటా మళ్లీ మళ్లీ రావడానికి ఈ పొత్తు కుదరని ఏర్పాటే పెద్ద కారణమని నా వాదన.

ఈ ఏర్పాటు వయసు నూరేళ్లు దాటింది. 1905లో బస్తర్ సంస్థానంలోని అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయాలన్న ప్రతిపాదన వచ్చింది. పోడు, వేట, అటవీ ఫలసాయం అన్నిటి మీదా ఆంక్షలు వచ్చాయి. 1910 భూంకాల్ తిరుగుబాటుకు ఇది ఒక్కటే కారణం కాదు. వెట్టిచాకిరీ, పన్నులు, అధికారుల జులుం కూడా కలిశాయి. అయినా ఆ తిరుగుబాటులో ముందు కదిలింది కాంగేర్ అడవి ధుర్వాలు, రిజర్వేషన్ ముందుగా అమలైన చోటు కూడా అదే. తిరుగుబాటు నాయకుడు గుండాధుర్ ఊరు నేతానార్ ఆ దాపునే ఉంటుంది. ఇంగ్లీషు ఫారెస్టర్లు నిప్పును పూర్తిగా నిషేధించడాన్ని శాస్త్రీయ అటవీ నిర్వహణకు గుర్తుగా భావించారు. 1860ల్లో మధ్యప్రాంతాల్లోని బోరీ అడవిలో ఆ ప్రయోగం మొదలైంది. ఐదారు దశాబ్దాలు గడిచాక వాళ్లకే ఇబ్బందిగా తయారైన సంగతి ఒకటి బయటపడింది. బెంగాల్, అస్సాం వైపు నిప్పు తగలకుండా కాపాడిన తేమ సాల అడవుల్లో కొత్త సాల మొక్క లేవడం మానేసింది. కింద చిక్కటి పొద పెరిగి మొలకను మింగేసింది. చివరికి ఆ శాఖే అక్కడ అదుపులో కాల్చే పద్ధతికి దిగి వచ్చింది. బస్తర్ పీఠభూమి మీదా సాలే ప్రధాన వృక్షం. ఇక్కడి నేల, వాన వేరు కాబట్టి ఆ అనుభవాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చుకోలేం. కానీ ఏ నిప్పూ ఎప్పుడూ వద్దన్న నియమానికి శాస్త్రం అండ ఉందన్న ధీమా మాత్రం అప్పుడే సడలిపోయింది.

నిప్పు స్వభావం వేళను బట్టి మారుతుంది. చలి పూర్తిగా పోకముందు, మంచు ఇంకా పడే రోజుల్లో సాయంత్రం పూట అంటించిన ఆకు చీలమండ ఎత్తున మండి, రాత్రి తేమకు తానే ఆరిపోతుంది. అదే ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం వడగాలిలో అంటిస్తే గుట్టెక్కి పక్క ఊరి అడవి దాకా పోతుంది. చుట్టూ గజం వెడల్పున ఊడ్చి, నలుగురు కొమ్మలు పట్టుకుని నిలబడి కాల్చడం వేరు, అంటించి వెళ్లిపోవడం వేరు. నిషేధం ఏం చేస్తుందంటే, పని అవసరాన్ని అలాగే ఉంచి, కాపలా కాసే వీలును తీసేస్తుంది. పట్టుబడితే కేసు కాబట్టి కాల్చేవాడు అందరినీ పిలిచి చెప్పడు, మంట దగ్గర నిలబడడు, గార్డు తిరగని వేళ చూసి అంటించి ఇంటికి పోతాడు. ఆ వేళ చాలాసార్లు నడివేసవి మధ్యాహ్నమే. కర్ణాటక బిలిగిరి రంగన కొండల్లో సోలిగ ఆదివాసీలు వేసవి ముదరకముందే ఎండుటాకును తేలికగా కాల్చే అలవాటును తరగు బెంకి అంటారు. 1974లో అక్కడ అభయారణ్యం వచ్చాక అది ఆగిపోయింది. 1997 నుంచి 2008 మధ్య ఆ కొండల్లో లాంటానా అనే పొద విపరీతంగా పెరిగిందని అట్రీ సంస్థ పరిశోధకులు నమోదు చేశారు. లాంటానా పెరుగుదలకు అదొక్కటే కారణమని తేల్చలేం గానీ, ఎండిన లాంటానా పొద అంటుకుంటే మంట నేల మీద ఆగక చెట్టు కొమ్మల్ని అందుకుంటుందన్నది నిజం. ఆస్ట్రేలియా పశ్చిమ ఆర్నెమ్ ల్యాండ్‌లో 2006 నుంచి ఆదివాసీ రేంజర్లే ఎండాకాలం తొలిరోజుల్లో ముక్కలు ముక్కలుగా కాలుస్తున్నారు. చివరి నెలల పెద్ద మంటలు తగ్గించినందుకు వాళ్లకు డబ్బు కూడా వస్తుంది.

నిప్పును నేను వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. ఏటేటా ఒకే చెట్టు కింద కాలిస్తే లేత మొక్క బతకదు. పెద్ద ఇప్పచెట్లు నిలబడి ఉన్నా వాటి కింద పిల్లచెట్టు లేకపోవడం, పువ్వు, కాయ రెండూ ఏరుకుపోవడంతో పాటు ఈ నిప్పు పుణ్యమే. తాతలు అనుభవించిన చెట్టు మనవల నాటికి ఉంటుందో లేదోనన్న ఆందోళన ఊళ్లలోనూ ఉంది. కాబట్టి నిప్పు తగ్గాలి. దాన్ని తగ్గించే శక్తి ఎవరికి ఉందన్నదే చర్చ.

ఉపగ్రహం ఆ శక్తిని ఇవ్వలేదు. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఇప్పుడు 375 మీటర్ల స్పష్టత ఉన్న సెన్సర్‌తో మంటను పట్టి, సందేశాన్ని బీట్ స్థాయి దాకా పంపుతోంది. ఇది మెచ్చుకోదగ్గ పనే. 2020 నవంబరు నుంచి 2021 జూన్ వరకు ఛత్తీస్‌గఢ్‌లో ఇలా 38,106 గుర్తింపులు నమోదయ్యాయి, ఒడిశా, మధ్యప్రదేశ్ తర్వాత మూడో స్థానం. 2023–24లో అవి 18,950కి తగ్గాయి. సగానికి సగం తగ్గాయని చంకలు గుద్దుకునే ముందు ఒకటి గమనించాలి. ఈ అంకె మండిన చుక్కల లెక్కే గాని కాలిన విస్తీర్ణం కాదు. ఒక పెద్ద మంట పది చుక్కలుగా కనిపించవచ్చు, ఆకుల కింద పాకే చిన్న మంట అసలు కనిపించకపోవచ్చు. మార్చిలో రెండు మంచి వానలు పడితే అంకె పడిపోతుంది, పడకపోతే లేస్తుంది. ఏడాదికీ ఏడాదికీ పోల్చి అధికారి పనితనాన్ని తూచడానికి ఇది పనికిరాదు. పైగా చుక్క పడేసరికి మంట రాజుకుని ఉంటుంది. అది నివారణ ఎలా అవుతుంది?

నివారణ పని చేతిలో, ధరలో ఉంది. ఇప్పచెట్టు కింద వల కడితే పువ్వు నేల తాకదు, ఆకు కాల్చాల్సిన పనీ ఉండదు. మట్టీ మసీ అంటని పువ్వును ఆహార శ్రేణిగా కొనే ఏర్పాటును ఛత్తీస్‌గఢ్ లఘు వనోపజ సమాఖ్య తెచ్చింది. 2021 జూన్‌లో కోర్బా వైపు అడవుల ఇప్పపువ్వు ఫ్రాన్స్‌కు కూడా వెళ్లింది. 2020లో రాష్ట్రం ఎండు ఇప్పపువ్వు కొనుగోలు ధరను కిలో 17 రూపాయల నుంచి 30కి పెంచింది. కానీ వల పువ్వుకూ మసి పువ్వుకూ వారపు సంతలో వ్యాపారి ఒకే ధర కడితే వల ఎవరు కడతారు? శుభ్రమైన పువ్వుకు అదనపు ధర ఊరి దగ్గరే, నగదుగా అందితేనే అగ్గిపెట్టె జేబులో ఉండిపోతుంది. ప్రతి చెట్టుకూ వల సాధ్యం కాదన్న అభ్యంతరం న్యాయమైనదే. ఒక్కో కుటుంబానికి చెట్లు చాలా ఉంటాయి, పొలం గట్ల మీద కొన్ని, లోపలి అడవిలో కొన్ని. గట్ల మీది చెట్టు నిప్పు పెద్దగా పాకదు, లోపలి చెట్టు నిప్పే పాకుతుంది. వలలు ముందు అక్కడికి పోవాలి, మిగతా చోట్ల ఆకు ఊడ్చే పనికి కూలి కట్టినా చాలు. తునికికి మందు మరీ తేలిక. ఫిబ్రవరి, మార్చిలో మొక్కను మొదలంటా నరికితే నిప్పు లేకుండానే నెలన్నరలో అదే లేత ఆకు వస్తుంది. యాభై ఆకుల కట్టలు వెయ్యి కలిస్తే ఒక స్టాండర్డ్ బ్యాగ్. దానికి రాష్ట్రం 2024లో ధరను 4,000 నుంచి 5,500 రూపాయలకు పెంచింది, అంటే కట్టకు ఐదున్నర. ఆకు మీద ఇంత పెట్టగలిగిన ప్రభుత్వం ఈ నరుకుడు (ప్రూనింగ్) కూలిని సకాలంలో, సరిపడా ఇవ్వలేకపోవడానికి సాకు లేదు. కల్లంలో ఆకు లేతదా కాదా అని కట్టలు లెక్కపెట్టే దగ్గర గీచి చూసే వ్యవస్థ, ఆ లేతదనం కొడవలితో వచ్చిందా నిప్పుతో వచ్చిందా అని ఎన్నడూ అడగదు.

ఊరికి అధికారం ఇస్తే ఇంకా ఎక్కువ కాలుస్తారన్నది అటవీశాఖలో గట్టిగా వినిపించే అభ్యంతరం. దీనికి జవాబు బస్తర్ ఆవలి మహారాష్ట్రలో దొరుకుతుంది. చంద్రపూర్ జిల్లా పాచ్‌గావ్ గ్రామసభ 2012లో అటవీ హక్కుల చట్టం కింద సామూహిక అటవీ వనరుల హక్కు పొందింది. తునికాకు కోతలో కొమ్మలు నరకడం, నిప్పు పెట్టడం తప్పవని భావించి ఆ ఆదాయమే వద్దనుకుంది, వెదురు మీద బతుకుతోంది. ఏ గార్డూ బలవంతం చేయలేదు, ఏ కేసూ పెట్టలేదు. రేపటి అడవి కూడా తమదేనన్న భరోసా ఉన్నవాళ్లు నేటి రాబడిని వదులుకోగలరు. ఏ పూటకు ఆ పూట అనుమతి మీద బతికేవాళ్లు వదులుకోలేరు. పాచ్‌గావ్ చిన్న ఊరు, వెదురు ఉన్న ఊరు. ప్రతి ఊరూ అలా తేలుతుందని చెప్పలేం. కొన్ని గ్రామసభలు పట్టించుకోవు, కొన్నిచోట్ల రెండు ఊళ్ల సరిహద్దు తగవు నిప్పుగా మారుతుంది. అయినా ఇప్పుడున్న ఏర్పాటు ఇంతకన్నా బాగా పనిచేస్తోందని ఎవరూ అనరు. 2022 మార్చిలో, సరిగ్గా అగ్గి కాలంలో రాష్ట్ర అటవీ ఉద్యోగులు సమ్మెకు దిగినప్పుడు అడవిని చూసే నాథుడు లేకపోయాడు. ఫైర్ వాచర్, బ్లోయర్, ఫైర్ లైన్ అన్నీ ఒక శాఖ జీతం మీద నడిచేవైనప్పుడు ఆ శాఖ ఆగితే అన్నీ ఆగుతాయి.

భద్రత మాట కూడా ఉంది. సాయుధ పోరు నడిచిన దశాబ్దాల్లో దక్షిణ బస్తర్, అబూఝ్‌మాడ్ లోపలికి అటవీ సిబ్బంది పోలేకపోయారు. మావోయిస్టు సమస్యను ముగించడానికి కేంద్రం 2026 మార్చి 31ని గడువుగా పెట్టుకుని పనిచేసింది. లోపలికి దారి తెరుచుకునే కొద్దీ శాఖ తిరిగి వెళ్తుంది. కేసుల పుస్తకంతో వెళ్తుందా, ఒప్పందంతో వెళ్తుందా అన్నది ఇప్పుడు తేల్చుకోవాలి. 2025 మే 15న ఛత్తీస్‌గఢ్ అటవీశాఖ సామూహిక అటవీ వనరుల విషయంలో తానే నోడల్ సంస్థనంటూ ఇచ్చిన ఉత్తర్వు ఏ దారి పట్టాలనుకుందో చెప్పింది. గిరిజన సంఘాలు నిరసన తెలపడంతో జూలైలో దాన్ని వెనక్కి తీసుకుంది. అదే రాష్ట్రం 2022లో కాంగేర్ లోయ జాతీయ ఉద్యానవనంలోని గుడియాపదర్‌కు సామూహిక హక్కును గుర్తించింది. ఆ రెండు మనస్తత్వాల్లో ఏది నెగ్గుతుందన్న దాని మీదే వచ్చే వేసవులు ఆధారపడి ఉన్నాయి.

ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. అటవీ హక్కుల చట్టం నియమాలను 2012లో సవరించినప్పుడే సామూహిక అడవికి సంరక్షణ, నిర్వహణ ప్రణాళికను గ్రామసభ కమిటీయే రాయాలని చెప్పారు. ఆ ప్రణాళికలో నిప్పుకు ఒక అధ్యాయం ఉండాలి: ఏ చెట్లకు వల, ఎక్కడ ఊడ్పు, ఎక్కడ తొలిరోజుల్లో కాపలాతో కాల్పు, ఎక్కడ అసలు కూడదు, సరిహద్దు ఊరితో మాట ఎవరు కలుపుతారు. అలా రాసుకున్న కాల్పును నేరంగా చూడబోమని శాఖ లిఖితంగా చెప్పాలి. అడవి మంటల నివారణకు కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున పెట్టే పథకం నిధుల్లో ఆ ఊరి వాటా ఫిబ్రవరి 15 కన్నా ముందే గ్రామసభ ఖాతాలో పడాలి. ఏప్రిల్‌లో విడుదలయ్యే డబ్బు మంటలు ఆర్పడానికే సరిపోతుంది.