అరుదన్నది ఎవరి లెక్క?

“అరుదైన వ్యాధి” యను మాట యిటీవల తరచుగా వినవచ్చుచున్నది. వైద్యుడు గణన కొరకు వాడినచో తప్పులేదు. కాని ధనము వెచ్చింపవలసినవారు చేతులు ముడుచుకొనుటకు దీనినే సాకుగా గైకొనుచున్నారు. కన్ను మెల్లపడి, నడక తడబడి, తుదకు మాటయు పడిపోవుచున్న బిడ్డను ఒడిలో నుంచుకొన్న తల్లికి ఆ వ్యాధి అరుదా?

పసివారి మెదడు కాండమున బుట్టు కంతి సంగతి చూడుడు. ఊపిరిని, గుండెను నడపు తావు అది. కంతి మంచి నరములతో పెనవైచుకొని పెరుగును. కత్తితో కోసి తీయ వీలులేదు. 1961లో అమెరికాలో నీల్ ఆర్మ్‌స్ట్రాంగు కుమార్తె కేరెన్‌కు ఈ కంతియే కానవచ్చెను. ఎక్సురే చికిత్స కొంతకాలము అడ్డుపడెనేగాని రక్షింపలేదు. 1962 జనవరిలో, రెండేండ్ల ప్రాయమున, ఆ శిశువు కన్నుమూసెను. 1969లో ఆ తండ్రి చంద్రునిపై అడుగిడెను. నేటికిని ఈ కంతికి ప్రధాన చికిత్స కిరణములే! నేటికిని పెక్కుమంది బిడ్డలు వ్యాధి బయల్పడిన పిదప రెండేండ్లు నిండకయే పోవుచున్నారు!

శాస్త్రమునకు సాధ్యము కాలేదందురా? సగమే నిజము. మందు నెత్తుటినుండి మెదడులోనికి చొరుట కష్టమే. కాని పరీక్షకు కంతి ముక్కయైన లేనిచో శాస్త్రజ్ఞుడేమి చేయగలడు? అపాయమను భీతిచే పెక్కేండ్లు ముక్క తీయుటయే మానిరి. అట్టి తరి కడుపుకోతను దిగమ్రింగి, మరణించిన తమ బిడ్డల మెదడును పరిశోధన కొసగిన తలిదండ్రులు గలరు. ఆ దానములు తోడ్పడగా 2012లో ఈ కంతులలో పెక్కింటియందలి జన్యుదోషము బయల్పడెను. ఆ దోషము గల కంతి ముదిరినవారికి 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వము ఒక మందును అనుమతించెను. అది కొందరిలో కంతిని తగ్గించునేగాని వ్యాధిని కుదుర్పదు. అయినను త్రోవ తెరచినది లాభనష్టముల లెక్క కాదు, త్యాగము.

ఇక మన సంగతి. ప్రపంచారోగ్యసంస్థ లెక్క ప్రకారము కాన్సరు సోకిన పిల్లలలో సంపన్న దేశములందు నూటికి 80 మందికి పైగా కోలుకొనుచుండగా, పెక్కు పేద, మధ్యాదాయ దేశములందు 30 మందియైన కోలుకొనుటలేదు. ఈ యంతరము వ్యాధి తెచ్చినది కాదు. ఏర్పాట్ల లోపము తెచ్చినది. ఉదయపు వాంతిని అజీర్ణమనియు, తడబడు నడకను దిష్టి యనియు త్రోసివేయక, బిడ్డను సకాలమున పరీక్షింపవలెను. ప్రతి జిల్లా వైద్యశాలయందును దానికి సాధనము లుండవలెను. ప్రతి బిడ్డ లెక్కకు రావలెను. పరిశోధనకు ప్రజాధనము ప్రత్యేకింపవలెను.

వర్తకుడు గిరాకి చూచి సరకు తెచ్చును. అది వాని ధర్మము. ప్రభుత్వమును అట్లే లెక్కించుచో, ఇక ప్రభుత్వమేల? అంగడియే చాలును గదా!