జైలు కొలువుల్లో ఇన్సాఫ్

విజయవాడ గాంధీనగర్‌లోని జిల్లా జైలు ముందు ములాఖత్ వేళకు నిలబడినవారికి ఒక దృశ్యం పరిచితమే. పటమట నుంచి, వించిపేట నుంచి, ఆటోనగర్ వెనుక వీధుల నుంచి వచ్చిన తల్లులు, భార్యలు చేతిలో ఆధార్ కార్డు పట్టుకుని తమ వంతు కోసం ఎదురుచూస్తుంటారు. వారిలో చాలామంది మనుషులకు ఇంకా శిక్ష పడలేదు. విచారణే సాగుతోంది. ఆ తల్లికి న్యాయమూర్తి పేరు తెలియకపోవచ్చు. లోపల తన బిడ్డకు మందు అందుతుందా, రంజాన్ మాసంలో సహరీ వేళకు అన్నం దొరుకుతుందా, ఫిర్యాదు చేస్తే వినేవారున్నారా అన్నవి మాత్రం ఆమె మనసును తొలిచే ప్రశ్నలు. వాటికి జవాబు చెప్పవలసినవాడు జైలు అధికారి. అందుకే ఆ అధికారి ఆ కుర్చీలోకి ఏ దారిన వచ్చాడన్నది మనందరికీ సంబంధించిన విషయమని మేము భావిస్తున్నాము.

1894 నాటి జైళ్ళ చట్టం సూపరింటెండెంటుకు విస్తారమైన అధికారం ఇచ్చింది. జైలు నియమం తప్పిన ఖైదీని విచారించేదీ ఆయనే, శిక్షించేదీ ఆయనే. శిక్ష తగ్గింపునకు, పెరోలుకు సంబంధించిన కాగితాలు కదలాలన్నా ఆయన అభిప్రాయం కావాలి. ఖైదీ అయినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులను కోల్పోడని సుప్రీంకోర్టు సునీల్ బాత్రా కేసులో 1978లోనే స్పష్టం చేసింది. అయితే ఆ తీర్పు గోడ లోపలికి చేరాలంటే దానిని గౌరవించే మనిషి లోపల ఉండాలి.

అంకెలు చూద్దాము. 2019 జాతీయ గణాంకాల ప్రకారం దేశంలోని విచారణ ఖైదీలలో ముస్లింలు 18.7 శాతం. 2011 జనగణన ప్రకారం జనాభాలో మన వాటా 14.2 శాతం. ఇక బోనుకు ఇవతలి లెక్క. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ఐపీఎస్‌లో ముస్లింలు సుమారు 4 శాతమేనని, ఐఏఎస్‌లో 3 శాతమేనని తేల్చింది. ఖైదీల లెక్కలో మతం వివరం ఏటా అచ్చవుతోంది. ఆ ఖైదీలను పాలించే అధికారుల లెక్కలో ఆ వివరం కనబడదు. ఈ మౌనం యాదృచ్ఛికం కావచ్చు, కాకపోవచ్చు. దాని ఫలితం మాత్రం ఒక్కటే: అన్యాయం ఉందని నిరూపించలేము, లేదని ప్రభుత్వమూ నిరూపించలేదు.

జైలు శాఖలో పెద్ద కొలువుకు మూడు దారులున్నాయి. మొదటిది ప్రత్యక్ష నియామకం. డిప్యూటీ సూపరింటెండెంట్ కొలువు రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహించే గ్రూప్-1 ద్వారా భర్తీ అవుతుంది. ఆ పరీక్ష గతి మన నగరం ఎరిగినదే. 2018 చివరలో వెలువడిన నోటిఫికేషన్‌కు సంబంధించి మెయిన్స్ జవాబు పత్రాలను డిజిటల్ పద్ధతిలో దిద్దడం చెల్లదని హైకోర్టు 2021లో తీర్పు చెప్పింది. చేతితో దిద్దించిన తరువాత వివాదం మరింత ముదిరింది. 2024లో ఏకసభ్య ధర్మాసనం మెయిన్స్‌నే రద్దు చేసింది. డివిజన్ బెంచ్ ఆ తీర్పు అమలును నిలిపివేసింది. మూల్యాంకనంపై వచ్చిన ఆరోపణల మీద 2025లో విజయవాడ పోలీసులు కేసు పెట్టారు. దోషులెవరో తేల్చవలసింది న్యాయస్థానమే. ఈ లోపల కొలువు వచ్చినవాడికీ మనశ్శాంతి లేదు, రానివాడికీ నమ్మకం లేదు. అద్దె గదిలో ఏళ్ళ తరబడి చదివిన పేదింటి బిడ్డకు ఆ ఏళ్ళను ఎవరు తిరిగి ఇస్తారు? వయోపరిమితి కోర్టు వాయిదాల కోసం ఆగదు.

ఈ దారిలోనే మన రిజర్వేషన్ల సంగతి కూడా ఉంది. 2007 చట్టం బీసీ-ఈ వర్గాలకు 4 శాతం కేటాయించింది. 2010లో హైకోర్టు దానిని కొట్టివేయగా సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతోంది. 100 నియామకాలకు 4 అంటే వినడానికి బాగానే ఉంటుంది. అయితే ఒక్కో నోటిఫికేషన్‌లో జైలు శాఖ పెద్ద కొలువులు వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్నే. రోస్టర్‌లో మన వంతు వచ్చేసరికి ఒక తరం గడిచిపోవచ్చు. వచ్చిన వంతు సక్రమంగా నిండిందో లేదో తెలుసుకునే వీలైనా ఉండాలి కదా?

రెండవ దారి పదోన్నతి. డిప్యూటీ జైలరుగా చేరినవాడు జైలరై, డిప్యూటీ సూపరింటెండెంటై, ఆపైకి ఎక్కవచ్చు. రాజ్యాంగం 16(4ఏ) అధికరణం పదోన్నతుల్లో రిజర్వేషన్‌ను ఎస్సీ, ఎస్టీలకే పరిమితం చేసింది. బీసీ-ఈ ఉద్యోగికి ఇక మిగిలిన ఆధారాలు సీనియారిటీ జాబితా, పై అధికారి ఏటా రాసే నివేదిక. ఆ నివేదిక ఒకప్పుడు పేరుకు తగ్గట్టే రహస్యం. దేవ్ దత్ కేసులో 2008లో సుప్రీంకోర్టు ఈ తలుపును తెరిచింది. 'చాలా బాగు' అని ఉంటేనే పదోన్నతి దక్కే చోట ఒక ఇంజినీరుకు ఒక ఏడాది 'బాగు' అని రాశారు. ఆయనకు ఆ మాటే తెలియదు. మెచ్చుకోలుగా కనబడే ఆ మాట కూడా ఆయన దారిని మూసిందని గుర్తించిన కోర్టు, నివేదికలోని ప్రతి వ్యాఖ్యనూ ఉద్యోగికి తెలపాలని, అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇవ్వాలని ఆదేశించింది. గడ్డం చూసో, పేరు చూసో, నమాజు వేళ చూసో ఎవరైనా ఒక్క మాట తక్కువ రాస్తే దానిని పట్టుకునే సాధనం ఇదే. మన ఉద్యోగులలో ఎందరు దీనిని వాడుకుంటున్నారు?

మూడవ దారి శిఖరానికి చేరేది. శాఖాధిపతి స్థానం సాధారణంగా ఐపీఎస్ అధికారులకు దక్కుతుంది. జైలు పనిలోనే తల పండినవారు దాని కింద ఆగిపోతారు. జస్టిస్ ముల్లా అధ్యక్షతన 1980లో ఏర్పడిన అఖిల భారత జైలు సంస్కరణల కమిటీ, జైళ్ళకు ప్రత్యేక అఖిల భారత సర్వీసు కావాలని 1983లో సిఫారసు చేసింది. నాలుగు దశాబ్దాలు దాటినా ఆ సర్వీసు పుట్టలేదు. నేరస్థుని పట్టుకోవడం ఒక విద్య, పడిపోయిన మనిషిని నిలబెట్టడం మరొక విద్య. రెండవ విద్య నేర్చినవారికి పై మెట్టు మూసి ఉంచడం శాఖకే నష్టం.

ముస్లిం ఖైదీకి ముస్లిం జైలరు కావాలన్నది మా వాదన కాదు. అలా అడగడం జైలును కులాలుగా, మతాలుగా విభజించడమే అవుతుంది. కులాన్ని బట్టి ఖైదీలకు పని పంచే జైలు మాన్యువల్ నిబంధనలను సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఏ కులపు బిడ్డకైనా చీపురు ఎందుకిచ్చావని అడిగే అధికారి కావాలి. అతని పేరు అబ్దుల్లా అయినా, అప్పారావు అయినా మాకు సమ్మతమే. ఆ కుర్చీ అమానత్. అర్హుడికి దక్కాలి, దక్కినట్టు అందరికీ కనబడాలి.

అందుకని ప్రభుత్వాన్ని మేము కోరేవి ఇవి. గ్రూప్-1 జవాబు పత్రాలను ఎలా దిద్దుతారో నోటిఫికేషన్‌లోనే ప్రకటించాలి, మధ్యలో మార్చరాదు. మార్కులను, రోస్టర్ బిందువులను బహిరంగపరచాలి. జైలు శాఖలో హోదాల వారీగా ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళా అధికారుల సంఖ్యను ఏటా ప్రచురించాలి. సీనియారిటీ జాబితాలను సకాలంలో విడుదల చేసి, పదోన్నతి నిరాకరించినవారికి కారణం రాతపూర్వకంగా తెలపాలి. వీటిలో దేనికీ ఖజానాకు పెద్ద ఖర్చు లేదు. అడుగుతున్నది ఇనాం కాదు, ఇన్సాఫ్.

మన ఇళ్ళకూ ఒక మాట. పోలీసు, జైలు అన్న పేర్లు వింటేనే దూరం జరిగే భయం మన వీధుల్లో ఉంది. ఆ భయానికి కారణాలున్నాయని మాకూ తెలుసు. కానీ భయపడి దరఖాస్తే పెట్టకపోతే మన బిడ్డ పేరు ఏ జాబితాలోనూ కనబడదు. మసీదు కమిటీలు జుమా రోజున నోటిఫికేషన్ వివరాలు చెప్పాలి. బీసీ-ఈ ధ్రువపత్రం చివరి రోజున కాక ముందే తీసి పెట్టుకోవాలి. సర్వీసులో ఉన్న సోదరులు తమ వార్షిక నివేదికను అడిగి చూడాలి, అవసరమైతే 2005 సమాచార హక్కు చట్టం కింద కోరాలి.

ములాఖత్ వరుసలో నిలబడిన తల్లికి లోపలి అధికారి మతంతో పని లేదు. తన బిడ్డను మనిషిగా చూస్తే చాలు. అలా చూసే అధికారులు రావాలంటే వారు వచ్చే దారి శుభ్రంగా ఉండాలి. ఆ దారిని కనిపెట్టి ఉండడం మనందరి బాధ్యత.